డైపర్ల ఖర్చు ఎక్కడ తగ్గించాలి? అపోహలు – వాస్తవాలు

చంటిబిడ్డ ఉన్న ఇంట్లో డైపర్ల గురించి రెండు మాటలు తరచుగా వినిపిస్తాయి. చవకవి వేస్తే ఒరుసుకుని ఎర్రబడుతుంది కాబట్టి ఖరీదైనవే కొనాలన్నది ఒకటి. అంత పోసి కొన్నాం కాబట్టి పూర్తిగా నిండేదాకా ఉంచాలన్నది రెండోది. మొదటి నమ్మకమే చాలా ఇళ్లలో రెండోదానికి దారి తీస్తోంది. ఎక్కువ ధర పెట్టి కొన్నదాన్ని మూడు గంటలకే విప్పి పారేయడానికి ఎవరికైనా చేతులు రావు. కానీ బిడ్డ చర్మం పాడయ్యేది అలా సాగదీసిన గంటల్లోనే. ఆదా చేయాల్సింది కొనేటప్పుడు. మార్చేటప్పుడు ఆదా చూసుకుంటే దాని ఫలితాన్ని బిడ్డ ఒళ్లు అనుభవిస్తుంది.

దద్దుర్లు ఎలా పుడతాయో తెలిస్తే ఈ సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. ఎక్కువసేపు తడిగా ఉన్న చర్మం మెత్తబడి, చిన్న ఒరిపిడికే చెదురుతుంది. మూత్రంలోని యూరియాను మలంలోని బ్యాక్టీరియా అమోనియాగా మారుస్తుంది. దాంతో అక్కడ క్షారగుణం పెరిగి, మలంలోని ప్రొటీయేజ్, లైపేజ్ అనే ఎంజైములు చురుకై చర్మం పైపొరను దెబ్బతీస్తాయి. ఇందులో బ్రాండు పాత్ర చిన్నది, గడిచిన గంటల పాత్ర చాలా పెద్దది. పుట్టిన కొత్తలో రెండు మూడు గంటలకోసారి, ఆ తర్వాత మూడు నాలుగు గంటలకోసారి మార్చాలి. దొడ్డికి వెళితే ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయకూడదు. పౌడరు చల్లితే తడి పీల్చుకుంటుందనేది కూడా అపోహే. అది చెమటకు ముద్దకట్టి తొడల మడతల్లో చేరుతుంది, పైగా గాల్లోకి లేచి పసిబిడ్డ ఊపిరిలోకి పోతుంది. గోరువెచ్చని నీళ్లతో కడిగి, కాసేపు గాలికి ఆరనిచ్చి, ఎర్రబడిన చోట జింక్ ఆక్సైడ్ క్రీమ్ రాయడం మేలు.

మరి ఖరీదైన డైపర్‌లో అదనంగా ఏముంది? డైపర్ నడిమి పొరలో చెక్క గుజ్జు, సోడియం పాలీఎక్రిలేట్ అనే పొడి ఉంటాయి. తడి తగలగానే జెల్‌లా ఉబ్బేది ఆ పొడే. అది ఎక్కువగా, సమంగా పరిచిన డైపర్ పలచగా ఉన్నా బాగా పీలుస్తుంది. గుజ్జు ఎక్కువ, పొడి తక్కువ అయినది మందంగా ఉన్నా తొందరగా చెమ్మగిల్లుతుంది. కాబట్టి చేత్తో నొక్కి మందం చూసి కొనడంలో అర్థం లేదు. మంచినీళ్లు పోసి పరీక్షించినా నిజం తేలదు. ఆ పొడి శుద్ధమైన నీటిని తన బరువుకు వందల రెట్లు పీల్చుకుంటుంది గాని, మూత్రంలాంటి ఉప్పు ద్రవాన్ని అంతకన్నా చాలా తక్కువే పట్టుకోగలదు. ఆ జెల్ విషమన్న భయం మాత్రం అనవసరం. ఆ భయానికి మూలం వేరే సంగతి. 1980 ప్రాంతంలో అమెరికాలో, బాగా పీల్చే టాంపాన్లు వాడిన స్త్రీలకు టాక్సిక్ షాక్ సిండ్రోమ్ వచ్చింది. అది శరీరం లోపల పెట్టుకునే వస్తువుకు సంబంధించిన జబ్బు. ఒంటిపైన తొడిగే డైపర్‌కు దాన్ని అంటగట్టకూడదు.

ప్యాకెట్ల మీద కనిపించే ‘పన్నెండు గంటల పొడిదనం’ అన్న మాట కూడా ఎంత ద్రవం పట్టగలదో చెప్పేదే తప్ప, అన్ని గంటలూ ఉంచమని వైద్యుడు ఇచ్చిన సలహా కాదు. చిన్నపిల్లలు గంటకు కిలో బరువుకు ఒకటి రెండు మిల్లీలీటర్ల మూత్రం పోస్తారు. పది కిలోల బిడ్డ పది గంటలు నిద్రపోతే వంద నుంచి రెండు వందల మిల్లీలీటర్లు. ఇంత పట్టే డైపర్ రాత్రి అవసరం, ఎందుకంటే బిడ్డను లేపకుండా ఉండాలి. పగలు మూడు గంటలకోసారి మార్చే డైపర్‌కు అంత శక్తి అక్కర్లేదు. అందుచేత రాత్రికి బాగా పీల్చే రకం, పగటికి తక్కువ ధర రకం కొనడం నా దృష్టిలో అన్నిటికన్నా తెలివైన పద్ధతి. ఒకే బ్రాండుకు కట్టుబడాలన్న నియమం ఎక్కడా లేదు.

కొనేటప్పుడు చూడాల్సింది ఆఫర్ శాతాన్ని కాదు, ఒక్కోదాని ధరను. ఉదాహరణకు, 799 రూపాయలకు 72 వచ్చే పెద్ద ప్యాక్‌లో ఒక్కోటి పదకొండు రూపాయలు దాటుతుంది. 420కి 42 వచ్చే చిన్న ప్యాక్‌లో సరిగ్గా పది. పెద్ద ప్యాక్ ఎప్పుడూ చవకే అనుకునేవాళ్లు ఈ భాగహారం చేయరు. ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనల ప్రకారం ఒక్క యూనిట్ ధర ప్యాకెట్ మీదే అచ్చువేయాలి, కాబట్టి లెక్క వేయనక్కర్లేకుండా చదువుకోవచ్చు. 2025 సెప్టెంబర్ 22 నుంచి డైపర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. పాత ధరలు మనసులో పెట్టుకుని పోల్చకండి. ఇక సైజు. కాస్త పెద్దది కొంటే ఎక్కువ నెలలు వస్తుందని చాలామంది లెక్క. పెద్ద సైజులో ఒక్కోటి ధర ఎక్కువ, తొడల దగ్గర వదులై కారుతుంది కూడా. చాలా బ్రాండ్లలో ఎం సైజు 7–12 కిలోలకు, ఎల్ 9–14 కిలోలకు అని ఉంటుంది. పది కిలోల బిడ్డకు నడుం దగ్గర, తొడల మీద గుర్తులు పడనంతవరకు ఎం చాలు. పగటికి తక్కువ ధర రకం చాలన్నానని ఏ పేరూ లేని కవర్లలో లూజుగా అమ్మేవి కొనమనడం లేదు. అవి ఎక్కడ తయారయ్యాయో, ఎలా నిల్వ ఉంచారో చెప్పేవాళ్లుండరు. డైపర్లకు ఐఎస్ 17509 అనే ప్రమాణం ఉంది. ఆ గుర్తు, తయారీదారు చిరునామా ఉన్న చవక రకం కొనడం వేరు, అనామకపు సరుకు కొనడం వేరు.

మా అమ్మమ్మలు పాత నూలు చీరల గుడ్డలతోనే పెంచలేదా అనే ప్రశ్న వస్తుంది. పెంచారు, ఆ పద్ధతి ఇప్పటికీ మంచిదే. అయితే గుడ్డ తడిని లోపల బంధించలేదు, కాబట్టి తడిసిన ప్రతిసారీ మార్చాలి. ఉతికి ఎండలో ఆరేసే మనిషీ ఉండాలి. అది కుదిరిన పూటల్లో గుడ్డ, కుదరని పూటల్లో డైపర్ వాడితే ఖర్చు బాగా తగ్గుతుంది. డైపర్ వేస్తే దొడ్డికాళ్లు వస్తాయన్న భయంతో మానేయనక్కర్లేదు. పిల్లలందరికీ తొలి నెలల్లో కాళ్లు వంపుగానే ఉండి, రెండేళ్ల నాటికి చాలావరకు వాటంతటవే సర్దుకుంటాయి. న్యూయార్క్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2012లో ప్రచురించిన అధ్యయనంలో నడక నేర్చే పిల్లలు డైపర్ ఏమీ లేకుండా బాగా నడిచారు. మందపాటి గుడ్డ డైపర్‌తో నడక మరింత తడబడింది. అందుకే ఇంట్లో ఆడుకునేటప్పుడు రోజుకు కాసేపైనా ఏమీ తొడగకుండా వదిలేయడం చర్మానికీ నడకకూ మేలు, ఆ పూటకు డైపర్ ఖర్చూ ఉండదు.