అటకమీది గొంతుకలు

భోగిపండుగకు ముందు అటక దులుపుట మన యిండ్లలో ఆచారము గదా! ఈ సంవత్సరము మేమును ఆ పనికి పూనుకొని, ఇత్తడి గంగాళమునకును విరిగిన ఉయ్యాలబల్లకును నడుమ నొక అట్టపెట్టెను గనుగొంటిమి. త్రాడు విప్పి చూడగా అందు నలువది క్యాసెట్టు లుండెను. ఘంటసాలవారి భగవద్గీత, ఎం. ఎస్. సుబ్బులక్ష్మిగారి సుప్రభాతము, రెండు మూడు హరికథలు, తక్కినవి సినిమాపాటలు. పిల్లలు నవ్విరి. "ఇవన్నీ ఫోనులో ఉన్నాయి. పాతసామాన్లవాడికి ఇచ్చేయండి" అనిరి. వారి మాట చాలవరకు నిజమే. ఆ పాటలు నేడు కోరిన క్షణమున, బుసబుసధ్వని లేకుండ వినవచ్చును. ఆ బుసబుసలోనే మాధుర్య మున్నదని కొందరు వాదింతురు గాని, ఆ వాదము మాకు చేతగాదు.

అయితే పెట్టె అడుగున నాలుగు క్యాసెట్టులు వేరుగా నుండెను. వానిపై బొమ్మలు లేవు, కంపెనీవారి పాటలపట్టికయు లేదు. ఒకదానిపై "అత్తయ్యగారి పాటలు - 1987 వేసవి" అని సిరాతో వ్రాసియున్నది. దస్తూరి మాదే. అది ఏ ఫోనులోను లేదు. లోకములో మరెచ్చటను లేదు.

సోదరీమణులారా, ఇక్కడ కొంచెము వెనుకకు పోవలసియున్నది. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాటలు గ్రామఫోనుప్లేట్ల కెక్కినవి. నిమిషమునకు 78 చుట్లు తిరుగు ఆ ప్లేటు ఒక ప్రక్కకు మూడు నిమిషములు పాడెడిది. ఎంత ఘనమైన యంత్రమైనను గ్రామఫోను పలుకునే గాని వినజాలదు. మన పాట దానిపై కెక్కవలెనన్న కంపెనీవారు పిలువవలెను. తొలినాళ్ళ ప్లేట్లపై పాడిన స్త్రీలలో పెక్కుమంది పాటయే వృత్తిగా గలవారు. నలుగుపాటలు, అప్పగింతలపాటలు, మంగళహారతులు వందలకొలది కంఠస్థము చేసిన ముత్తైదువలను ఎవరు పిలిచిరి? 1935లో బెర్లిను ప్రదర్శనమున అయస్కాంతపు టేపుయంత్రము వెలువడినది గాని, పెద్ద చక్రములతో బరువైన ఆ యంత్రము రేడియోకేంద్రములకే తగియుండెను.

1963లో అదే బెర్లిను నగరమున ఫిలిప్స్ కంపెనీవారు క్యాసెట్టును ప్రదర్శించిరి. దానిని రూపొందించిన బృందమునకు నాయకుడు లూ ఒట్టెన్స్ అను డచ్చి ఇంజనీరు. యంత్రము కోటుజేబులో పట్టవలెనని తలచి, ఆయన ముందుగా కొయ్యముక్క నొకదానిని ఆ పరిమాణమున చెక్కించి జేబులో నుంచుకొని చూచెనట. తరువాత మోటారుచక్రము మార్చు సందర్భమున దానిని జాకీక్రింద పెట్టుటచే ఆ చారిత్రకమైన కొయ్యముక్క పోయినది! మగవారి జాగ్రత్త ఇట్లే యుండును. ఆయన 2021లో తన 94 యేండ్ల వయస్సున కాలధర్మము నొందెను.

ఆ డబ్బాలోని టేపు వెడల్పు నాలుగు మిల్లీమీటర్లకు తక్కువ. పలుచని ప్లాస్టిక్ నాడాపై ఇనుముతో చేసిన సన్నని పొడి పూసియుండును. ఆ కణములు అయస్కాంతమునకు లొంగి ధ్వనిని పట్టియుంచును. అరువది నిమిషముల క్యాసెట్టులో సుమారు 86 మీటర్ల టేపు పట్టును. మన ఆరుగజాల చీరలు సుమారు పదునాఱు పొడవున పరచినంత. ఇంతకన్న మాకు ముఖ్యముగా దోచునది ఆ యంత్రముమీది ఎఱ్ఱమీట. దానిని నొక్కినచో పెట్టె వినుట మొదలుపెట్టును. చదువు, ధనము, కంపెనీ పిలుపు ఏదియు నక్కరలేదు.

కోనసీమనుండి, కడపనుండి, కరీంనగరమునుండి గల్ఫుదేశములకు పోయినవారి యిండ్ల నడుగుడు. టెలిఫోను మిక్కిలి ఖరీదైన ఆ దినములలో సెలవుపై వచ్చు స్నేహితునిచేత వారు క్యాసెట్టుల నంపెడివారు. చదువురాని ఇల్లాలికి ఉత్తరము వచ్చిన, ఎదురింటి కుఱ్ఱవాడు చదువవలెను; భర్త వ్రాసిన మాట వీధి యెల్ల వినును. క్యాసెట్టు వచ్చిన, తలుపు వేసికొని తానొక్కతెయే వినగలదు. మీట నొక్కి బదులు చెప్పనుగలదు. స్త్రీవిద్యను గూర్చి ఎన్నియో వ్యాసములు వచ్చినవి గాని, ఈ చిన్నపెట్టె చేసిన మేలును మెచ్చుకొన్నవారు తక్కువ.

మా మరిదియు కువైటునుండి 1986లో రేడియోతోకూడిన టేపురికార్డరు నొకదానిని పంపెను. మరుసటి వేసవిలో, మధ్యాహ్నము వంటిల్లు సర్దిన పిదప, మే మత్తయ్యగారిని పీటపై గూర్చుండబెట్టి పాడించితిమి. "నా పాటలు ఎవరికి కావాలే?" అనుచునే ఆమె ఒక ప్రక్క నిండువరకు పాడినది. ముప్పది నిమిషములు!

క్యాసెట్టు వెనుకయంచున రెండు కొనలయందు రెండు చిన్న ప్లాస్టిక్ బిళ్ళ లుండును. వానిని విఱిచివేసినచో ఎఱ్ఱమీట దిగదు, పాతధ్వని చెఱిగిపోదు. ఈ సంగతి మాకు తెలియును. రేపు విఱుతములెమ్మని యూరకుంటిమి. ఆ దసరాసెలవులలో ఇంటి పిల్లవాడొకడు క్రొత్త సినిమాపాటలను దానిపై నెక్కించెను. వాని నేమనగలము? విఱువవలసినది మేము. అత్తయ్యగారు విని నవ్వి, "పోనీలేవే, మళ్ళీ పాడతాను" అన్నది. మరల పాడించుటకు తీరిక దొరకలేదు. 1991లో ఆమె పోయినది.

ఇప్పుడు అటకనుండి దింపినపుడు, సినిమాపాటలు ముగిసిన పిదప ఏమైన మిగిలెనేమో యని ఆశ కలిగెను. టేపురికార్డరులోని రబ్బరుపట్టీ కరగి బంకయైనది. మరమ్మతుచేయువాడు దొరకుటకు మూడువారములు పట్టెను. క్యాసెట్టులోపల టేపును ఒత్తిపట్టు చిన్న మెత్త ఊడిపోయినందున, మరలు విప్పి, టేపుచుట్టలను వేరొక క్యాసెట్టు డబ్బాలోనికి మార్చితిమి. పిల్లలు పాఱవేయుమనిన సినిమాపాటలలో నొకటి అందుకు పనికివచ్చినది.

సినిమాపాట మధ్యలో తెగినది. ఆ మీద నాలుగునిమిషముల టేపు మిగిలియుండెను. మొదట నిశ్శబ్దము, అందులో ఎంతయో దూరమునుండి వచ్చినట్లు ఆమె కంఠము లీలగా వినిపించి, మరుక్షణమున అదే మాట స్పష్టముగా వినబడెను. మేము ఉలికిపడితిమి. తరువాత నొక తెలిసినవా రిందులకు కారణము చెప్పిరి: ఏండ్లతరబడి చుట్టియుంచిన టేపులో ఒక పొరమీది ధ్వని ప్రక్కపొరకు కొంచెము అంటుకొనునట. అత్తయ్యగారు తులసిహారతి సగము పాడి యాగి, "ఏమే అమ్మాయీ, అది ఇంకా తిరుగుతోందా?" అని యడిగినది. "తిరుగుతోందండీ" అను మా గొంతుకయు అందున్నది. ఎంత పడుచుగొంతుక!

కావున మీ అటకలపై సిరావ్రాతగల క్యాసెట్టు లున్నచో ఆలస్యము చేయవలదు. పెన్సిలుతో చక్రము త్రిప్పి టేపు కదలుచున్నదో లేదో చూడుడు. తెల్లని బూజు కనిపించినచో యంత్రములో పెట్టరాదు. టేపును పాడుచేయుటయేగాక యంత్రమునకును అంటించును. లేనిచో ముందు ఆ బిళ్ళలు విఱిచి, వినికిడితీగ పెట్టు రంధ్రమునుండి కంప్యూటరునకు తీగె తగిలించి, తొలిసారి మ్రోగించునపుడే నకలు తీసికొనవలెను. పాతటేపు రెండవసారి వఱకు నిలుచునని నమ్మరాదు. నకళ్ళు రెండు తీసి, ఒకటి వేరొకరి యింట నుంచుడు. అసలుదానిని ఎండకు, తేమకు, స్పీకర్లవంటి అయస్కాంతపు వస్తువులకు దూరముగా దాచుడు.

మా నాలుగింటిలో రెండు మరిది కువైటునుండి పలికిన ఉత్తరములు. వానికి నకళ్ళు తీసి ఆయనకే పంపితిమి. నాలుగవదానికి బూజు పట్టియున్నది. శుభ్రముచేయువారు పట్టణమున నున్నారని వింటిమి, వచ్చేవారము తీసికొనిపోవుదుము. దానిపై "నాన్నగారు" అని మాత్రమే వ్రాసియున్నది.