నేల టిక్కెట్టు నుంచి బాల్కనీ దాకా: మూడు తరాల ఊరి సినిమా హాలు

తెలుగు కుటుంబాలు మూడు తరాలలో ఎలా మారాయో తెలుసుకోగోరేవారికి, ఏ దస్త్రంలోనూ దొరకని వివరాలు ఊరి సినిమా హాలును గురించి పెద్దలు చెప్పే మాటల్లో దొరుకుతాయి. ఎవరు ఎవరితో కలిసి వెళ్లేవారు, ఏ తరగతిలో కూర్చునేవారు, ఆ టిక్కెట్టు డబ్బు ఎలా సమకూరేది అన్న సంగతులు సినిమా కథతో పాటే వారికి గుర్తుండిపోయాయి.

విజయవాడలో 1921లో పోతిన శ్రీనివాసరావు మారుతీ సినిమా హాలును నెలకొల్పే నాటికి తెరపై బొమ్మకు మాట లేదు. 1932లో హెచ్.ఎం. రెడ్డి దర్శకత్వంలో ‘భక్త ప్రహ్లాద’ వచ్చాక తెలుగు మాట, పాట తెరకెక్కాయి. పక్కా హాలు లేని ఊళ్లకు సినిమాను చేర్చినవి టూరింగ్ టాకీసులు, అనగా తాత్కాలిక లైసెన్సుతో కొంతకాలం ఒకచోట డేరా వేసి ఆడించి, ఆపై మరో ఊరికి తరలిపోయే ప్రదర్శనశాలలు. ఒక్కటే ప్రొజెక్టరు ఉన్నచోట రీలు మార్చినప్పుడల్లా ఆట ఆగేది కనుక, ఒకే సినిమాకు పలు విరామాలు ఉండేవి. ఆట మొదలు కాబోతున్నదని ఘంటసాల పాడిన వేంకటేశ్వర స్తుతి మైకులో వినిపించగానే, ఇళ్లలో వంటలు త్వరత్వరగా ముగిసేవి.

లోపల నేల, బెంచీ, కుర్చీ అనే తరగతులుండేవి. వాటిలో నేల అంటే ఇసుక మీదనో చాప మీదనో కూర్చుని చూసే అతి చౌక తరగతి. చాలాచోట్ల ఆడవారికి తెరతోనో అడ్డుగోడతోనో వేరు చేసిన భాగం ఉండేది. గుడిలోనూ, బావి దగ్గరా కులం అడ్డుపడిన ఊళ్లలో, సినిమా హాలు మాత్రం కనీసం సూత్రరీత్యా కొన్న టిక్కెట్టును బట్టే చోటు చూపింది. అయితే కులాన్ని అంటిపెట్టుకునే పేదరికం ఉండటంతో, పాత అంతరాలు నేలకూ కుర్చీకీ మధ్య చాలావరకు కొనసాగాయి. అందుకే నేల మీద ‘లవకుశ’ (1963) చూసిన అమ్మమ్మ, బెంచీకి చేరిన తల్లి, బాల్కనీలో కూర్చున్న మనవరాలు అనే వరుస చాలా ఇళ్లలో ఆ కుటుంబపు ఆర్థిక చరిత్రగానే నిలుస్తుంది.

ఆ చరిత్రలో ప్రొజెక్టరు గదికీ చోటుంది. రెండు కార్బన్ కడ్డీల కొసల మధ్య పుట్టే విద్యుత్ జ్వాలే తెరకు వెలుగు కాగా, కడ్డీలు కాలి అరిగేకొద్దీ వాటిని దగ్గరకు జరుపుతూ వెలుగు తగ్గకుండా చూడటం ఆపరేటరు నైపుణ్యం. డిజిటల్ ప్రదర్శన వచ్చాక రీళ్ల పెట్టెలూ, ఆ పనితనమూ తెరమరుగయ్యాయి. పాత హాళ్లలో అనేకం కల్యాణ మండపాలుగా, గిడ్డంగులుగా, దుకాణ సముదాయాలుగా మారిపోయాయి.

భవనాన్ని కాపాడుకోలేని ఊరు కూడా దాని జ్ఞాపకాన్ని కాపాడుకోగలదు. టిక్కెట్లు చించినవారు, రీళ్లు మోసినవారు, పాటల పుస్తకాలు అమ్మినవారు, ఆడవారి భాగంలో పిల్లలను ఒడిలో పెట్టుకుని చూసిన తల్లులు ఇంకా మన మధ్య ఉండగానే వారి మాటలను పేరు, ఊరు, కాలం సహితంగా రికార్డు చేసి స్థానిక గ్రంథాలయాలలో భద్రపరచాలి. తారల చరిత్ర రాసేవారు ఎందరో ఉన్నారు. ప్రేక్షకుల చరిత్రను మాత్రం వారి సొంత ఇంటివారే రాసుకోవాలి.