కారే కుళాయిని మనమే బాగుచేద్దాం

సెకనుకు ఒక చుక్క కారే కుళాయి నుంచి రోజుకు 86,400 చుక్కలు, అంటే నాలుగు లీటర్లకు పైగా నీరు పోతుంది. ఐదు కుళాయిలు కారితే ఒక తమ్ముడి స్నానం బకెట్ పోయినట్టే.

కట్టేసినా మూతి నుంచి కారుతుంటే లోపలి రబ్బరు వాషర్ అరిగిందన్నమాట. ముందు గేట్‌వాల్వ్ కట్టేసి, పైపులో మిగిలిన నీటిని వదిలేయాలి. స్పానర్‌తో కుళాయి తల విప్పి, అదే సైజు కొత్త వాషర్ వేయాలి.

పైపు అతుకు దగ్గర కారితే కుళాయి విప్పి, మరలు తుడిచి, వాటి కొనను మనవైపు పెట్టుకుని గడియారం ముల్లు తిరిగే వైపే టెఫ్లాన్ టేపు చుట్టాలి. ఎదురుగా చుడితే బిగించేటప్పుడు ఊడొస్తుంది.

బిందెడు నీళ్ల కోసం వీధి పంపు దగ్గర అమ్మలు వరుసలో నిలబడటం చూసి పెరిగినవాళ్లం మనం. పి.జి.కి వచ్చినా స్పానర్ పట్టడం మాకు నామోషీ కాదు, తమ్ముళ్లూ!