ఆహారంలో రసాయనాలు - హద్దు ఎక్కడ?

కడప నుండి రాజంపేటకు పోయే దారిలో ఉన్న ఒంటిమిట్ట తెలుగువారికి సుపరిచితమైన పుణ్యక్షేత్రం. గర్భాలయంలో సీతారామలక్ష్మణులు ఒకే శిలలో వెలసి ఉండటం వలన దీనికి ఏకశిలానగరమనే పేరు కూడా కలదు. 1652లో ఇక్కడికి వచ్చిన ఫ్రెంచి యాత్రికుడు టావెర్నియర్ ఆలయ శిల్పాన్ని మెచ్చుకొన్నాడు. అన్ని రామాలయాలలోను శ్రీరామనవమి నాటి పగటివేళ కల్యాణం జరుగుతుండగా, ఒంటిమిట్టలో మాత్రం చైత్ర మాసపు పండు వెన్నెలలో, రాత్రివేళ జరగటం ఆచారం. 2015 నుండి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ ఉత్సవాన్ని అధికారికంగా నిర్వహిస్తున్నది.

చైత్రమంటే సీమలో మండుటెండల కాలం. దాహార్తులైన యాత్రికులకు రామనవమి ఉత్సవాలలో బెల్లపు పానకం, మజ్జిగ పంచిపెట్టడం మనకు తరతరాల అలవాటు. ఏ తిరునాళ్ళలోనైనా దానికి కూతవేటు దూరంలోనే ఎర్రని, పచ్చని రంగునీళ్ళు పోసిన ఐసు, గులాబీ ఎసెన్సు కలిపిన షర్బతు అమ్ముతుంటారు. ఈ రెండింటిని చూపి "ఇందులో రసాయనాలు ఉన్నాయా?" అని అడిగితే, పానకంలో లేవు, రంగు షర్బతులో ఉన్నాయి అని చాలామంది సమాధానం చెబుతారు. ఆ సమాధానం సరికాదు. పానకంలోని ఏలకుల పరిమళం సినియోల్, టెర్పినైల్ ఎసిటేట్ మొదలైన రసాయనాల చలువ. మిరియపు కారం పైపరీన్ అనే పదార్థం. బెల్లంలోని తీపి సుక్రోజు. కనుక ఆహారంలో రసాయనం ఉన్నదా, లేదా అన్న ప్రశ్న మనలను ఎంతో దూరం తీసుకొనిపోదు. ఏ రసాయనం, ఎంత పరిమాణంలో, ఎవరి శరీరంలోకి, ఏ త్రోవన, ఎన్నాళ్ళపాటు ప్రవేశిస్తున్నది అన్నవే అడగవలసిన ప్రశ్నలు. వీటికి సమాధానం వెదికే శాస్త్రీయ ప్రక్రియనే భద్రతా నిర్ధారణ అంటారు.

శాస్త్రజ్ఞులు ఆహారంలోని అవాంఛనీయ పదార్థాలను ముందుగా రెండు తెగలుగా విడదీస్తారు. రంగు, రుచి, సువాసన, నిలువ కోసం తయారీదారు తెలిసి కలిపేవి మొదటి తెగ. ఎవరూ కోరకుండానే నేల నుండి, నీటి నుండి, బూజు నుండి, పాత్రల నుండి వచ్చి చేరేవి రెండవ తెగ. మొదటివాటిని సంకలితాలని, రెండవవాటిని కలుషితాలని వ్యవహరిస్తారు. ఈ భేదం కేవలం పేర్ల భేదం కాదు. కలిపే పదార్థం హానికరమని తేలితే కలపవద్దని శాసించవచ్చు. బూజును శాసించటం ఏ ప్రభుత్వానికి సాధ్యం?

సంకలితాల విషయం మొదట చూద్దాం. ఐక్యరాజ్య సమితికి చెందిన ఆహార వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి నియమించిన నిపుణుల సంఘం 1956 నుండి ఈ పని చేస్తున్నది. వారి పద్ధతి స్థూలంగా ఇది. ఒక పదార్థాన్ని ఎలుకల వంటి జంతువులకు వివిధ మోతాదులలో దీర్ఘకాలం తినిపిస్తారు. ఏ మోతాదు వరకు ఎట్టి చెడుగుణం కనిపించలేదో గుర్తిస్తారు. ఆ మోతాదును సాధారణంగా నూరుతో భాగిస్తారు. జంతువు కంటె మనిషి పది రెట్లు సున్నితమైనవాడు కావచ్చునని ఒక పది, మనుషులలో పసివారు, వృద్ధులు, రోగులు ఇతరుల కంటె పది రెట్లు సున్నితులు కావచ్చునని మరొక పది. వచ్చిన దానిని ప్రతి కిలో శరీర బరువుకు ఇన్ని మిల్లీగ్రాములని ప్రకటిస్తారు. జీవితకాలం ప్రతిదినం తిన్నప్పటికీ చెప్పుకోదగిన ముప్పు ఉండదని భావించే పరిమాణం అది. దానికి అంగీకృత దినసరి మోతాదు అని పేరు.

ఈ నూరు అన్న సంఖ్య ప్రకృతి నియమం కాదు, మనుషులు జాగ్రత్త కోసం ఎంచుకొన్నది. అయినప్పటికీ ఇంతకంటె మేలైన ఏర్పాటును ఎవరూ సులభంగా చూపలేకపోయారు.

ఒక చిన్న లెక్క చేసి చూద్దాం. ఎరిత్రోసిన్ అనే గులాబీ ఎరుపు రంగుకు అంగీకృత మోతాదు కిలో బరువుకు 0.1 మిల్లీగ్రాము. 20 కిలోల బరువున్న బాలునికి అది దినానికి 2 మిల్లీగ్రాములవుతుంది. ఒక మిఠాయిలో కిలోకు 100 మిల్లీగ్రాముల చొప్పున ఈ రంగు ఉన్నదనుకొందాం. కేవలం 20 గ్రాముల మిఠాయితో బాలుని హద్దు పూర్తి అవుతుంది. 60 కిలోల బరువున్న తండ్రి అదే మిఠాయిని 60 గ్రాములు తినవచ్చు. అయితే తిరునాళ్ళలో రంగు మిఠాయి తినేది ఎవరు, తండ్రియా, కొడుకా? భద్రతా నిర్ధారణలో సగం రసాయన శాస్త్రమైతే, మిగిలిన సగం ఎవరు ఏమి ఎంత తింటున్నారన్న లోకజ్ఞానం.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు సరిగా ఈ ప్రశ్ననే చేపట్టారు. 1918లో కూనూరులో బెరిబెరి వ్యాధి పరిశోధన కోసం చిన్న విభాగంగా మొదలై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన సంస్థ ఇది. నగరంలోని కొందరు పిల్లలు, పెద్దలు రంగు కలిపిన పదార్థాలను ఎంత తింటున్నారో కొలిచి 2004లో ఫలితాలు ప్రచురించారు. టార్ట్రజీన్, సన్‌సెట్ ఎల్లో, ఎరిత్రోసిన్ వంటి రంగుల విషయంలో కొందరు అంగీకృత మోతాదును దాటిపోతున్నట్లు తేలింది. ఇవి చట్టం అనుమతించిన రంగులేనన్న సంగతి గమనార్హం. కల్తీ లేకపోయినా హద్దు మీరవచ్చునన్నమాట.

సువాసన ద్రవ్యాల సంగతి కొంత భిన్నమైనది. ఇవి వేల సంఖ్యలో ఉన్నాయి, ఆహారంలో పడేది మాత్రం అత్యల్పం. ప్రతిదానిని ఏండ్ల తరబడి జంతువులపై పరీక్షించటం అసాధ్యం. అందువలన నిపుణులు వాటి అణు నిర్మాణాన్ని బట్టి మూడు వర్గాలు చేశారు. శరీరం సులభంగా జీర్ణించుకొని విసర్జించగల నిర్మాణమైతే మనిషికి దినానికి 1800 మైక్రోగ్రాముల వరకు, మధ్యస్థమైతే 540, అనుమానాస్పదమైతే 90 వరకు ఆందోళన అవసరం లేదని భావిస్తారు. అంతకు మించి వాడుక ఉన్నవాటిపై లోతైన పరిశీలన జరుగుతుంది. ఈ విధంగా రెండువేలకు పైగా సువాసన ద్రవ్యాలను పరిశీలించారు. మైక్రోగ్రామంటే గ్రాములో పదిలక్షల వంతు.

సహజమైన పరిమళం మంచిదని, కృత్రిమమైనది చెడ్డదని ఒక నమ్మకం లోకంలో పాతుకొని ఉన్నది. వ్యాపారులకు ఇది లాభదాయకమైన నమ్మకం. మన దేశపు నిబంధనలు సువాసనలను సహజాలు, సహజసమాలు, కృత్రిమాలు అని విభజించిన మాట నిజమే కాని, నిషిద్ధ సువాసనల పట్టికలో మొక్కల నుండి వచ్చేవి అనేకం ఉన్నాయి. వాటిలో బీటా అసరోన్ ఒకటి. ఇది వసకొమ్ములోని పదార్థం. పసిబిడ్డకు మాటలు త్వరగా రావాలని వసను సానమీద అరగదీసి నాకించే అలవాటు మన ఇళ్ళలో ఉన్నది. మన దేశంలో పెరిగే వసలో బీటా అసరోన్ అధికం. జంతువులలో అది కంతులు కలిగించినందున 1968లో అమెరికా వసను ఆహారంలో నిషేధించింది. కౌమరిన్ మరొకటి. దాల్చినచెక్క పేరుతో అంగళ్ళలో అమ్మే మందపాటి కాసియా చెక్కలో ఇది ఎక్కువగా, అసలైన సింహళపు దాల్చినలో స్వల్పంగా ఉంటుంది. అధికమైతే కాలేయానికి చేటు.

తినటానికి క్షేమమైనది పీల్చటానికి క్షేమం కాకపోవచ్చు. వెన్నకు కమ్మని వాసననిచ్చే డైఎసిటైల్ వెన్నలో సహజంగానే ఉన్నది. తినేవారికి దానివలన హాని కనిపించలేదు. అమెరికాలోని మిస్సోరి రాష్ట్రంలో జాస్పర్ అనే ఊరి మొక్కజొన్న పేలాల కర్మాగారంలో పనిచేసిన ఎనిమిదిమందికి, శ్వాసనాళాల చివరలు పూడుకొనిపోయే మానరాని వ్యాధి వచ్చినట్లు 2000లో బయటపడింది. వేడినూనెలో కలిపిన వెన్న సువాసన ఆవిరిని వారు దినమంతా పీల్చటమే కారణమని పరిశోధకులు తేల్చారు. పేలాలు తిన్నవారికి లేని ముప్పు వాటిని వండినవారికి వచ్చింది. సువాసన ద్రవ్యాల భద్రతను ఎంచేవారు అంతవరకు కర్మాగారపు గాలిని లెక్కలోనికి తీసుకోకపోవటం విచారకరం.

ఇక కలుషితాలు. 2020 డిసెంబరులో ఏలూరు పట్టణంలో వందలాదిమంది ఉన్నట్టుండి మూర్ఛవచ్చి పడిపోయారు. దేశంలోని పెద్ద సంస్థలు నీరు, పాలు, కూరగాయలు, రక్తం పరీక్షించాయి. కొందరి రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణమై ఉండవచ్చునని నిపుణులు అభిప్రాయపడ్డారు. అవి ఏ త్రోవన శరీరాలలో చేరాయో తేల్చటానికి దీర్ఘకాలిక పరిశోధన అవసరమన్నారు. విషాన్ని గుర్తించటం కంటె దాని దారిని గుర్తించటం కష్టమని ఈ ఉదంతం చూపింది.

రాయలసీమకు అంతకంటె దగ్గరి కలుషితం మరొకటి ఉన్నది. అది సీమ ప్రజల నిత్యాహారమైన వేరుశనగలో, అనగా మన శెనక్కాయలలో పుట్టేది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు కారణం తెలియని వ్యాధితో చనిపోయాయి. వాటికి పెట్టిన మేతలో బ్రెజిల్ నుండి వచ్చిన వేరుశనగ చెక్క ఉన్నది. ఆ చెక్కలో ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు, ఆ బూజు విడిచిన విషం కనుగొన్నారు. దానికి అఫ్లటాక్సిన్ అని పేరుపెట్టారు. పదునాలుగేండ్ల తరువాత, 1974లో, రాజస్థాన్‌లోని బాన్స్‌వాడా, గుజరాత్‌లోని పంచమహల్ జిల్లాల గిరిజన గ్రామాలలో కామెర్లు, ఉబ్బుపొట్టతో 397 మంది జబ్బుపడి 106 మంది మరణించారు. బూజుపట్టిన మొక్కజొన్న తినటమే కారణమని నిర్ధారించినవారు హైదరాబాదు పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులే. పంచుకొని తిన్న కుక్కలు కూడా చనిపోవటం వారికి ఒక ఆధారమైంది.

ఇది ఒక్కసారిగా చంపే సందర్భం. కొద్దికొద్దిగా ఏండ్ల తరబడి లోనికి పోయినప్పుడు అఫ్లటాక్సిన్ కాలేయపు కాన్సరుకు దారితీస్తుంది. హెపటైటిస్-బి ఉన్నవారిలో ఆ ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుంది. సాధారణ వంటవేడికి ఈ విషం నశించదు. వేయించినా, పొడిచేసినా పూర్తిగా పోదు. దీనికి అంగీకృత దినసరి మోతాదు అన్నది ఎవరూ నిర్ణయించలేదు. జన్యుపదార్థాన్నే చెడగొట్టే విషానికి నూరుతో భాగించే లెక్క పనికిరాదు కనుక, సాధ్యమైనంత తగ్గించండి అని మాత్రమే నిపుణులు చెప్పగలిగారు.

మరి ఎంతవరకు సాధ్యం? ఇక్కడ శాస్త్రం ముగిసి బేరం మొదలవుతుంది. నేరుగా తినే వేరుశనగలో కిలోకు 4 మైక్రోగ్రాములకు మించరాదని ఐరోపా సమాజం శాసించింది. అంతర్జాతీయ ప్రమాణం, శుద్ధిచేయవలసిన పప్పుకు 15. 1954 నాటి ఆహార కల్తీ నిరోధక చట్టం క్రింద మన దేశంలో 30 వరకు చెల్లుబాటయింది. 2006 చట్టం వచ్చి ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఏర్పడిన పిమ్మట 15కు తగ్గించారు. దినమూ శెనక్కాయల పొడి, ఊరుబిండి తినే సీమవాసి కంటె, ఎప్పుడో ఒక పిడికెడు తినే ఐరోపావాసికి ఎక్కువ రక్షణ లభించటం వింతగా తోచవచ్చు. పరీక్షించటం కూడా తేలిక కాదు. విషం బస్తా అంతటా సమంగా ఉండదు. వేల గింజలలో ఒక్క గింజలో గుడుసుకట్టుకొని ఉంటుంది. నమూనాలో ఆ గింజ పడితే సరుకంతా తిరస్కృతం, పడకపోతే అంతా క్షేమం! పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ తక్కువ ఖర్చుతో పరీక్షించే పద్ధతిని రూపొందించింది కాని, మంచి నమూనా లేని పరీక్ష ఎంత చవుకైతేనేమి?

బూజు చేలోనే మొదలవుతుంది. కాయ ఊరే చివరి మూడు నాలుగు వారాలలో వాన మొహం చాటేస్తే నేల కాగి, కాయ వడలి, నేలలోని శిలీంధ్రం లోనికి చొరబడుతుంది. కడప, అనంతపురం, కర్నూలు రైతులకు ఆ చివరి వాన ఎంత అరుదో వేరుగా చెప్పనక్కరలేదు. ఊడలు దిగే వేళ జిప్సం వేయటం, పీకిన చెట్లను కాయలు పైకి ఉండేటట్లు తిరగవేసి ఆరబెట్టటం, తేమ ఎనిమిది శాతం దగ్గరకు వచ్చేవరకు బస్తాలకెత్తకపోవటం, దెబ్బతిన్న కాయలను ఏరివేయటం వలన ముప్పు చాలావరకు తగ్గుతుంది.

ఏరివేసిన గింజ ఎక్కడికి పోతుంది? పారవేయటానికి రైతుకు మనసొప్పదు, ఒప్పనక్కరలేదని వ్యాపారికి తెలుసు. ముడిగిపోయిన పప్పు చవుకగా గానుగకు చేరుతుంది. శుద్ధిచేసిన నూనెలో విషం దాదాపు తొలగిపోతుంది కాని, గానుగ నూనెకు ఆ శుద్ధి లేదు. మిగిలిన చెక్కలో విషం మరింత చిక్కబడి పాడిపశువుల తొట్టికి పోతుంది. పశువు తిన్న అఫ్లటాక్సిన్‌లో కొంత భాగం రూపం మార్చుకొని, ఎం-1 అనే పేరుతో, పాలలో దిగుతుంది. 2018లో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ దేశవ్యాప్తంగా 6,432 పాల నమూనాలను పరీక్షించగా 368 నమూనాలలో ఎం-1 హద్దు మీరి ఉన్నది. పచ్చిపాల కంటె, శుద్ధిచేసి అమ్మే పాలలోనే ఈ దోషం ఎక్కువగా కనిపించింది. కాచినా అది పోదు. దానిని ఆపగలిగిన చోటు పశువు తొట్టి ఒక్కటే.