మత్స్యభేదములు – బాలింత పథ్యము

చీరాలలో బాలింతకు పథ్యం అడగవచ్చే పెద్దలు తరచు వేసే ప్రశ్న ఒకటున్నది: "పాలు పడటానికి సొరపిట్టు పెట్టవచ్చునా, వైద్యులుగారూ?" జవాబుకు ముందు చేపల తెగలను గుర్తెరగడం అవసరం.

ఆధునికుల మతాన చేపలు ముఖ్యంగా మూడు వర్గాలు. దవడలు లేనివి మొదటివి; ఇవి మన వంటయింటికి రావు. రెండవవి మృదులాస్థి చేపలు: సొర, టేకు. వీటికి ఎముకలకు మారుగా మన చెవిదొప్పలోనిదాని వంటి మృదులాస్థి ఉంటుంది. మొప్పలకు మూత ఉండదు. చీలికలు బయటికే కనబడతాయి. సొర చర్మం గరుకు. మూడవవి ఎముక చేపలు: వంజరం, చందువ, కొర్రమీను మొదలగునవి. వీటి మొప్పలకు గట్టి మూత ఉంటుంది. జెల్లకు పొలుసు లేకున్నను అది ఈ వర్గమే.

సుశ్రుతుడు నివాసాన్ని బట్టి నాదేయములు, సాముద్రములు అని విభజించినాడు. రెండును గురువులు, స్నిగ్ధములు, వాతహరములు. చరకుడు రోహితమును, అనగా శీలావతిని, శ్రేష్ఠమన్నాడు. చేపను పాలతో కలిపి తినరాదన్నాడు.

ఇక సొర విషయం. అది ఇతర చేపలను తిని దీర్ఘకాలం జీవిస్తుంది. కనుక సముద్రజలంలోని పాదరసం దాని మాంసంలో పేరుకొంటుంది. తల్లిపాల ద్వారా అది శిశువుకు చేరితే మెదడు ఎదుగుదలకు హాని. శోధింపని పాదరసం విషమని మన రసశాస్త్రమే చెప్పుచున్నది. ఒకప్పుడు నేనును సొరపిట్టుకు సమ్మతించినవాడనే. నేడు గర్భిణికి, బాలింతకు వద్దంటున్నాను.

బదులుగా వాడరేవున దిగిన తాజా కవళ్ళు గాని, శీలావతి గాని అల్లం, మిరియాలతో పులుసు కాచి పెట్టండి. కారం మితంగా వేయండి. మొప్ప ఎర్రగా, కన్ను తేటగా ఉన్న చేపనే కొనండి.