లుక్మాన్ హకీం దగ్గర కూడా లేని మందు!

మన సినిమాల్లో దగ్గు ఊరికే రాదు. గమనించారా? మూడో రీల్లో హీరోయిన్ చేతిరుమాలు అడ్డం పెట్టుకుని ఒక్కసారి దగ్గిందంటే, పద్నాలుగో రీల్లో ఏం జరుగుతుందో మీకు తెలుసు, నాకు తెలుసు, నేల టిక్కెట్టు కుర్రాడిక్కూడా తెలుసు! హీరో కణతలు నొక్కుకున్నాడంటే చాలు... డాక్టరుగారు ఎక్స్‌రేని వెలుతురుకి పట్టి చూడ్డం, కళ్లజోడు తియ్యడం, "ఐయామ్ సారీ" అనడం వరసగా జరిగిపోతాయి.

పాపం, రచయితల్ని అనడానికేం లేదు. రెండున్నర గంటల్లో కథ చెప్పాలి. పనికిరాని దగ్గుకి ఫిల్ము ఖర్చు చెయ్యలేరు కదా! "ప్రేమాభిషేకం" (1981)లో అక్కినేనికి క్యాన్సర్ వస్తే జనం కర్చీఫులు తడుపుకున్నారు. "గీతాంజలి" (1989)లో అయితే హీరోకీ, హీరోయిన్‌కీ ఇద్దరికీ ప్రాణం మీదికొచ్చిన జబ్బులే. తెర మీద ప్రతి నొప్పికీ ఒక అర్థం ఉంటుంది. ప్రతి నీరసానికీ ఒక క్లైమాక్స్ ఉంటుంది.

చిక్కల్లా ఎక్కడొస్తుందంటే, అవే కళ్లతో మన ఒంటిని మనం చూసుకోవడం మొదలుపెట్టినప్పుడు!

సినిమాల గురించి రాసుకునే దీనికి జబ్బుల గోల ఎందుకు అంటారా? ఎందుకో చెప్తాను. ఏడాది పాటు నేను ఆ సినిమాలోనే ఉన్నాను. టిక్కెట్టు కొనకుండా!

డప్పులు ఆగినా...

మాది పాతబస్తీ, లాల్‌దర్వాజా. ఆషాఢంలో సింహవాహిని మహంకాళి బోనాలంటే మా గల్లీలో నిలబడ్డానికి చోటుండదు. పోతరాజుల కొరడాలు, వేపమండలు, డప్పుల దరువు... గుండె అదరాల్సిందే. పోయిన సంవత్సరం నాకూ అదిరింది. అయితే డప్పులు ఆగినా గుండె మాత్రం అదే దరువు వేస్తూనే ఉంది.

ఆ వారమంతా అంతే. మెట్లెక్కితే ఆయాసం. అరికాళ్లలో చీమలు పాకినట్టు తిమ్మిరి. కారం తగలకపోయినా నాలుక మంట. రెండు వారాలు, నెల, రెండు నెలలు... తగ్గదే!

మొదటి డాక్టరు ఈసీజీ తీయించారు. నార్మల్. "టెన్షనమ్మా! పెళ్లి కుదిరిందా?" అని నవ్వారు. రెండో డాక్టరు గుండెకి స్కానింగ్ రాశారు. అదీ నార్మల్. "మీ వయసులో గుండెజబ్బేంటండీ!" అన్నారు. మూడోది పెద్ద ఆసుపత్రి. అక్కడ నా ఫైలు లావెక్కింది, పర్సు చిక్కింది. జవాబు మాత్రం మళ్లీ "నార్మల్"!

"నార్మల్" అన్న మాట ఎంత తియ్యగా ఉంటుందో అనుకుంటారు కదూ? మొదటి రోజు పాయసమే. ఆ రాత్రి హాయిగా నిద్ర. మూడో రోజుకి, "ఒకవేళ వాళ్లు చూడాల్సిన చోట చూడలేదేమో?" అనే ప్రశ్న మొదలవుతుంది. ఐదో రోజుకి ఇంకో డాక్టరు అడ్రసు వెతుక్కోవడం! తిమ్మిరి అలాగే ఉంటే "నార్మల్" అన్న మాట ఎన్నాళ్లు నిలుస్తుంది చెప్పండి?

ఇక రాత్రిళ్లు సెల్‌ఫోన్. "కాళ్ల తిమ్మిరి" అని కొడితే అది నరాలు, వెన్నుపూస, మెదడు... అలా అంచెలంచెలుగా ఎక్కించి తెల్లవారుజామున మూడింటికి శ్మశానం గేటు దగ్గర దింపేది! ఇది ఫోన్లొచ్చాక పుట్టిన రోగం అనుకునేరు. జెరోమ్ కె. జెరోమ్ అనే ఇంగ్లీషు హాస్యరచయిత 1889లో రాసిన "త్రీ మెన్ ఇన్ ఎ బోట్"లో కథ చెప్పేవాడు లైబ్రరీకెళ్లి వైద్య నిఘంటువు తిరగేస్తాడు. పనిమనుషులకొచ్చే మోకాలి వాపు ఒక్కటి తప్ప అందులోని జబ్బులన్నీ తనకున్నాయని తేల్చుకుని బయటికొస్తాడు! మనకిప్పుడు ఆ లైబ్రరీ దిండు కింద ఉంటోంది. అంతే తేడా.

మందుల ఊళ్లో మనిషి

పాతబస్తీలో జబ్బు పడ్డారంటే సలహాలకి కొదవా? పక్కింటి ఆంటీ జిందా తిలిస్మాత్ సీసా పంపింది. 1920 నుంచీ ఈ ఊళ్లో జలుబు నుంచి కడుపునొప్పి దాకా దానిదే రాజ్యం. మేనత్త దిష్టి తీసింది. ఆయాసం అన్న మాట వినగానే ఆటో భయ్యా, "మృగశిర కార్తె రానీ అక్కా, చేప మందు మింగు, గంతే!" అన్నాడు. ఆ చేప ప్రసాదం ఇచ్చే బత్తిని వారిది మా దూద్‌బౌలే మరి! అమ్మ మాత్రం ఏమీ అనకుండా అమ్మవారికి మొక్కుకుంది.

నవ్వకండి. ఈ ఊరికి జబ్బంటే భయం కొత్త కాదు. ప్లేగు తగ్గిన గుర్తుగా 1591లో చార్మినార్ కట్టారని పెద్దలు చెప్పుకుంటారు. బోనాలు కూడా మహమ్మారి వదిలిందన్న మొక్కుగా మొదలైనవే అంటారు. మూసీ పక్కన కులీ కుతుబ్‌షా కట్టించిన దారుల్‌షిఫాలో ఆసుపత్రీ, వైద్యం నేర్పే బడీ కలిసి ఉండేవి. "షిఫా" అంటే స్వస్థత. చార్మినార్‌కి ఆనుకునే నిజామియా యునానీ దవాఖానా ఉంది. ఊరంతటికీ భయం వేస్తే అందరూ కలిసి మినార్లు కట్టారు, బోనాలెత్తారు. ఒక్కరికే భయం వేస్తే? ఆ ఒక్కరూ దుప్పటి కప్పుకుని నాడి లెక్కపెట్టుకుంటూ పడుకోవాల్సిందే!

మా వీధిలో ఒక పెద్దాయన ఉన్నారు. ఒకప్పుడు హకీం, ఇప్పుడు ఇంటిపట్టునే ఉంటున్నారు. అమ్మ పోరు పడలేక వెళ్లాను. మణికట్టు మీద మూడు వేళ్లు ఆనించి, కళ్లు మూసుకుని చాలాసేపు నాడి చూశారు. ఆఖరికి ఈ ఊళ్లో అందరికీ తెలిసిన సామెత చెప్పారు: "వహమ్ కా ఇలాజ్ తో హకీం లుక్మాన్ కే పాస్ భీ నహీ థా, బేటీ!"

వహమ్ అంటే లేనిపోని అనుమానం. సకల రోగాలకీ మందు తెలిసిన లుక్మాన్ హకీం దగ్గర కూడా దానికి మందు లేదట! మనవాళ్లు "అనుమానం పెనుభూతం" అన్నారు చూడండి, అదే. నా మొహం వాడిపోవడం చూసి ఆయనే మళ్లీ అన్నారు: "రాత్ కా డర్ వహమ్ బేటీ. కాళ్ల తిమ్మిరి వహమ్ కాదు. మంచి డాక్టర్‌కి చూపించు."

అప్పటిదాకా నాకు రెండే రకాల మనుషులు దొరికారు. "అంతా నీ మనసులోనే ఉంది" అనేవాళ్లు కొందరు, "అయ్యో, ఏదో పెద్దదే అయ్యుంటుంది" అనేవాళ్లు కొందరు. ఈ రెంటినీ విడదీసి చూసిన మొదటి మనిషి ఆయనే!

దొరికింది దొంగ!

2018 నుంచి హైదరాబాదులో వెలిసిన బస్తీ దవాఖానాలు మీకు తెలుసు కదా. మా దగ్గరి దవాఖానాలో డాక్టరమ్మ నా లావుపాటి ఫైలు పక్కన పెట్టి ఒకే ప్రశ్న వేసింది: "ఏం తింటవ్?"

బిర్యానీ నగరంలో పుట్టినా మాది శాకాహారం ఇల్లు. గుడ్డు ముట్టం. పాలు నాకు పడవు. టీ చుక్క, బిస్కట్టు, అన్నం, పప్పు. "నాలుక చూపించు" అంది. చూసి, బి12 విటమిన్ పరీక్ష రాసింది. మామూలుగా 200 పైన ఉండాల్సింది, నాకు 118!

ఈ విటమిన్ మాంసం, చేప, గుడ్డు, పాలలోనే ఉంటుంది. మొక్కల్లో సహజంగా ఉండదు. నరాల మీది పొర సరిగా ఉండాలన్నా, రక్తకణాలు తయారవ్వాలన్నా ఇదుండాలి. కాలేయంలో కొన్నేళ్లకి సరిపడా నిల్వ ఉంటుంది గనక, లోటు వెంటనే బయటపడదు. పడినప్పుడు తిమ్మిరి, నాలుక మంట, నీరసం, గుండె దడ... నా కథే! ఇంజెక్షన్లు మొదలయ్యాయి. రెండు నెలల్లో చీమలు చాలావరకు పుట్టలోకి వెళ్లిపోయాయి.

ఇక్కడ "శుభం" కార్డు పడాలి కదూ? పడలేదు.

ఇంటర్వెల్ తర్వాత

తిమ్మిరి తగ్గింది. భయం తగ్గలేదు! రాత్రి పదకొండు దాటాక గుండె మళ్లీ దడదడ. రోజుకి నలభైసార్లు నాడి పట్టుకునేదాన్ని. "మొదట నార్మల్ అన్నారు, తర్వాత జబ్బు దొరికింది. అలాగే ఇంకోటి దొరకదని గ్యారంటీ ఏమిటి?" ఇదీ నా వాదన. లాయరు పాత్ర ఇస్తే జగ్గయ్య గారి గొంతుతో వాదించగలను!

మానసిక వైద్యురాలి దగ్గరికి వెళ్లమని చెప్పింది కూడా ఆ బస్తీ డాక్టరమ్మే. మన కామెడీ ట్రాకుల్లో "ఎర్రగడ్డ" అంటే చాలు, హాలంతా ఘొల్లుమంటుంది. ఆ నవ్వుకి జడిసి ఎంతమంది ఆ గుమ్మం తొక్కకుండా ఆగిపోయారో! నేను తొక్కాను.

ఆమె చెప్పింది వింటే నాకు కళ్లు తెరుచుకున్నాయి. భయం వేస్తే ఒంట్లో ఎడ్రినలిన్ పొంగుతుంది. గుండె పరిగెడుతుంది. ఊపిరి గబగబా తీస్తాం. అలా తీస్తే రక్తంలో బొగ్గుపులుసు వాయువు తగ్గి, వేళ్లూ పెదాలూ తిమ్మిరెక్కుతాయి, తల తిరుగుతుంది. దాంతో "చూశావా, ఏదో ఉంది!" అని భయం ఇంకాస్త పెరుగుతుంది. అంటే ఆ దడ అబద్ధం కాదు. దానికి భయం చెప్పే అర్థమే అబద్ధం.

అన్నట్టు, 2013లో అమెరికా మానసిక వైద్యుల సంఘం తన పుస్తకంలోంచి "హైపోకాండ్రియాసిస్" అన్న పేరు తీసేసింది. అది తిట్టులా తయారైందని! ఇప్పటి లెక్కలో ఒంట్లో నిజమైన జబ్బున్నా సరే, దాని గురించిన భయం మోతాదు మించి బతుకుని ఆక్రమిస్తే అదీ వైద్యం చెయ్యాల్సిందే. నొప్పికి నొప్పి మందు, భయానికి భయం మందు. ఒకటి ఉందని రెండోది కొట్టెయ్యకూడదు.

నాటకాలవాళ్లకి మోలియేర్ కథ తెలుసు. ఫ్రెంచి నాటకకర్త. లేని జబ్బులు ఊహించుకునే మనిషి మీద ప్రహసనం రాసి తనే వేషం కట్టాడు. 1673 ఫిబ్రవరి 17న నాలుగో ప్రదర్శనలో నిజంగా కుప్పకూలాడు. అయినా ఆట పూర్తి చేసి, ఆ రాత్రే కన్నుమూశాడు! మన కాలానికొస్తే సమంత 2022 అక్టోబరులో తనకి మయోసైటిస్ అనే కండరాల జబ్బుందని స్వయంగా చెప్పింది. పైకి కనిపించని నీరసాలన్నీ నటనలు కావని జనానికి అర్థమైంది.

ఆమె ఇచ్చిన చీటీ

మాత్రల చీటీ కాదు. రూల్సు చీటీ!

ఒకటి: ఒకే డాక్టరు, ఒకే ఫైలు. అపాయింట్‌మెంటు తేదీ ముందే ఖాయం. భయం వేసినప్పుడల్లా పరుగెత్తడం లేదు.

రెండు: నాడి చూసుకోవడం నలభై నుంచి ముప్పై, ఇరవై, అయిదు... వారం వారం తగ్గింపు. ఒక్కసారి మానెయ్యమంటే ఎవరి తరం? కూర్చున్నప్పుడు గుండె నిమిషానికి 60 నుంచి 100 దాకా కొట్టుకోవచ్చు. దానికోసం కాపలా అక్కర్లేదు.

మూడు: జబ్బుల పేర్లు ఫోన్లో వెతకడం బంద్. అడగాలనుకున్నది కాగితం మీద రాసుకుని డాక్టరునే అడగాలి.

నాలుగు: దిగులుకి టైము. సాయంత్రం ఆరు నుంచి ఆరున్నర. మిగతా వేళల్లో వస్తే "ఆరింటికి రా" అని పంపెయ్యాలి. వింతేమిటంటే ఆరింటికి చాలా దిగుళ్లు హాజరే కావు!

అయిదు: దడ వస్తే ఊపిరి నెమ్మదిగా, తీసుకునేదానికన్నా వదిలేది ఎక్కువసేపు.

ఆరోది మాత్రం గీత గీసి రాసింది: ఛాతీని పిండేసే నొప్పి, చెమటలు, చేతిలోకో దవడలోకో పాకే నొప్పి, స్పృహ తప్పడం, ఒక పక్క చచ్చుబడ్డం, రక్తం పడ్డం... ఇవొస్తే రూల్సన్నీ పక్కన పెట్టి 108కి ఫోన్. కారణం లేకుండా బరువు తగ్గుతూంటే కూడా ఆలస్యం చెయ్యకుండా డాక్టరు దగ్గరికి. అవి వహమ్ ఖాతాలో రాసుకునేవి కావు.

ఈ పద్ధతిని ఇంగ్లీషులో కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ అంటారు. ఆరోగ్యం గురించిన భయాలకి ఇది బాగా పనిచేస్తుందని పరీక్షల్లో తేలింది. నాకు నాలుగు నెలలు పట్టింది. ఇప్పటికీ కొన్ని రాత్రులు దడ వస్తుంది. వస్తుంది, పోతుంది. దానికోసం దీపం వెయ్యడం లేదు.

చివరగా అక్కినేని మాట. "ప్రేమాభిషేకం"లో క్యాన్సర్ పాత్ర వేసేనాటికే ఆయన గుండె ఆపరేషన్ చేయించుకున్న మనిషి! 1974లో అమెరికాలో జరిగింది. తెర మీద పోయిన ఆయన, బయట ఇంకో 33 ఏళ్లు మన మధ్యే ఉన్నారు. 2013 అక్టోబరులో తనకి నిజంగానే క్యాన్సర్ వచ్చిందని తనే విలేకరుల్ని పిలిచి చెప్పారు. "మనం"లో నటించి, 2014 జనవరి 22న వెళ్లిపోయారు. ఆపరేషన్‌కీ, ఆఖరికీ మధ్య దాదాపు నలభై ఏళ్లు! ఆ నలభై ఏళ్లూ ఆయన నాడి లెక్కపెట్టుకుంటూ కూర్చోలేదు, సినిమాలు తీశారు.

మీలో ఎవరైనా ఈ అర్ధరాత్రి మణికట్టు పట్టుకుని ఇది చదువుతూంటే ఒక నంబరు రాసుకోండి: 14416. టెలిమానస్. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం పెట్టింది. పగలూ రాత్రీ పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు, పైసా తీసుకోరు. పాపం, లుక్మాన్ హకీంకి ఈ సౌకర్యం లేదు!