కోటను కాపురంలా చూడండి



ఇంట్లో పెళ్ళి కుదిరిందంటే మన సీమలో ప్రొద్దుటూరు ప్రయాణం తప్పదు గదా! బంగారానికీ చీరెలకీ పెట్టింది పేరు ఆ ఊరు. పక్కనున్న జమ్మలమడుగు, పులివెందులనుంచే కాదు, దూరపు ఊళ్ళనుంచి కూడా వస్తారు. కొట్టు తరవాత కొట్టు ఎక్కి దిగి, తాళిబొట్టూ గాజులూ తీసుకుని, అమ్మవారిశాలలో ఒక దండం పెట్టుకుని, సాయంత్రం బస్సుకు తిరుగు ముఖం పడతాం. పదిసార్లు వెళ్ళినా మనకు తెలిసేది బేరమే తప్ప ఆ ప్రాంతం కాదు. ఈసారి ఇంకొక్క రోజు మిగుల్చుకోండని చెప్పడానికే ఈ ప్రసంగం. ఆ రోజు గండికోటకు వెళ్ళండి. కోటలోపల ఇప్పటికీ ఒక ఊరుంది. ఆ ఊళ్ళో కాలినడకన, తీరిగ్గా తిరగండి.

"గండికోటా? అది కుర్రకారు వెళ్ళి ఫోటోలు దిగే చోటు కదండీ" అంటారేమో. నిజమే. 2010లో వచ్చిన 'మర్యాద రామన్న' సినిమాలో ఆ కోటను మీరూ చూసే ఉంటారు. వచ్చినవాళ్ళలో చాలామంది వాహనం దిగి, గబగబా లోయ అంచుకు పోయి, నాలుగు ఫోటోలు తీసుకుని తిరిగి వాహనం ఎక్కేస్తారు. మధ్యలో ఉన్న ఊరు వాళ్ళకు దారే గాని చూడవలసింది కాదు. నేను మాత్రం ఆ కోటను బాగా చదవగలిగింది ఇల్లు నడిపే ఆడవాళ్ళేనంటాను. ఎందుకంటారా? చెబుతాను.

కోటంటే రాజులు, యుద్ధాలు, ఫిరంగులు అని బళ్ళో చదువుకున్నాం. పరీక్షలో తేదీలు రాసి మరచిపోయాం. అసలు కోటంటే ఒక పెద్ద కాపురం. సైనికులు, వాళ్ళ కుటుంబాలు, గుర్రాలు, పశువులు, పనివాళ్ళు అందరూ ఆ కొండమీదే బతకాలి. శత్రువు వచ్చి కింద డేరాలు వేసుకుంటే నెలల తరబడి తలుపు తీయకుండా బతకాలి. అప్పుడు కోటను కాపాడేది గోడ ఎత్తు ఒక్కటే కాదు. గాదెలో గింజలెన్ని, కోనేట్లో నీళ్ళెన్ని అన్న లెక్క కూడా. ఈ లెక్క మనకంటే ఎవరికి తెలుసు చెప్పండి? నెలాఖరుకు బియ్యం డబ్బా అడుగు కనిపిస్తే గుండె గుభేలుమనేది మనకు. కుళాయి రాని రోజున బిందెలు లెక్కపెట్టుకునేదీ మనమే. అంచేత ఆ కళ్ళతోనే కోటలో నడవండి.

దారి సులువే. ప్రొద్దుటూరునుంచి జమ్మలమడుగు సుమారు 20 కిలోమీటర్లు. అక్కడినుంచి గండికోట మరో 15 కిలోమీటర్లు. పులివెందుల వైపునుంచి వచ్చేవాళ్ళు ముద్దనూరు మీదుగా జమ్మలమడుగు చేరుకోవచ్చు. ఎర్రమల కొండల్ని కోసుకుంటూ పెన్న పారిన చోట లోతైన గండి పడింది. ఆ గండిమీద కట్టిన కోట గనుక గండికోట. ఒక పక్క దాదాపు 300 అడుగుల లోయ. దేవుడు తవ్విన కందకం అనుకోండి. మిగతా వైపుల రాతిగోడ. విజయనగర రాజులకు లోబడిన పెమ్మసాని నాయకులు ఇక్కడ ఉండి పాలించారు. 1650 ప్రాంతంలో గోలకొండ సుల్తాను మంత్రి మీర్ జుమ్లా దీన్ని గెలుచుకున్నాడు. చరిత్ర ఇంత తెలిస్తే ఈపూటకు చాలు.

వాకిలి దగ్గరే వాహనం దిగిపొండి. కోటల వాకిళ్ళను తిన్నగా పెట్టేవారు కారు. ఏనుగు పరుగెత్తుకొచ్చి తలుపును గుద్దకుండా దారిని మలుపులు తిప్పేవారు. మన పాత ఇళ్ళలో వీధిలోంచి చూస్తే వంటిల్లు కనపడకుండా గుమ్మాల్ని కాస్త పక్కకు జరిపేవారు చూడండి, ఆ ఆలోచనకిది పెద్దన్న. లోపలికి వచ్చాక, జాలీ కిటికీలతో చిన్న గోపురంలాంటి కట్టడం కనిపిస్తుంది. ఊళ్ళోవాళ్ళు దాన్ని చార్మినార్ అంటారు, పావురాల గోపురమనీ అంటారు. దగ్గరలోనే జైలు ఉంది. కాపురమన్న తరవాత దండించే గది కూడా ఉంటుంది మరి!

ఇక ఊరు. ఇక్కడ అడుగు నెమ్మది చెయ్యండి. అరుగులమీద కూర్చున్నవాళ్ళు, ముగ్గు వేసిన వాకిళ్ళు, కట్టేసిన మేకలు. మనం చూడ్డానికి వచ్చిన వీధి వాళ్ళు బతుకుతున్న వీధి సుమండీ. తలుపు తెరిచి ఉందిగదా అని తొంగిచూడడం, అడగకుండా ఫోటో తియ్యడం మన ఇంటి ముందు ఎవరైనా చేస్తే ఊరుకుంటామా? మీరు నెమ్మదిగా నడిస్తే వాళ్ళే పలకరిస్తారు. "యాడ్నుంచి వచ్చినారు తల్లీ?" అంటుంది ఏ అవ్వో. జవాబు చెప్పి రెండు నిమిషాలు నిలబడండి. "అవ్వా, ఆ కట్టడాన్ని మీరేమంటారు?" అని అడగండి. ఫలకంమీద రాసిన పేరు ఒకటుంటుంది, ఊరు పిలుచుకునే పేరు ఒకటుంటుంది. ఆ రెండో పేరు నడిచివెళ్ళినవాళ్ళకే దొరుకుతుంది.

ఊరు దాటితే ధాన్యాగారం. నన్నడిగితే గండికోటకంతా గుండెకాయ ఇదే. రాతితో కట్టిన పెద్ద గాదె. మందమైన గోడలు, కమానుగా వంచిన కప్పు. లోపల నిలబడి ఒక్క నిమిషం ఆలోచించండి. గింజకు శత్రువులు ఎవరు? తడి, వేడి, పురుగు, ఎలుక. మనం కందిపప్పును ఎండబెట్టి వేపాకు వేసి డబ్బాకెత్తేది ఈ నలుగురితో యుద్ధం చెయ్యడానికే. మన పల్లెల్లో జొన్నల్ని భూమిలో పాతర వేసేవారని మీ అమ్మమ్మలు చెప్పే ఉంటారు. మందపు గోడ బయటి ఎండను లోపలికి తొందరగా రానివ్వదు. కమాను కప్పుకు దూలం అక్కరలేదు. అంటే చెదపట్టే చెక్క లేదు, నిప్పంటుకునే కట్టె లేదు. పటమూ కొలతలూ ఇంజనీరు చూస్తాడు. ఎందుకలా కట్టారో మనకు చూడగానే తెలుస్తుంది.

ఆ పక్కనే జుమ్మా మసీదు. రెండు మినార్లు, లోపల విశాలమైన ముంగిలి, చుట్టూ కమానుల వసారా. ఎండపూట ఆ వసారాలో కాసేపు నిలబడితే, వెలుగూ నీడా ఎంత ముచ్చటగా కొలిచి పెట్టారోననిపిస్తుంది. దగ్గరలో కత్తుల కోనేరుంది. యుద్ధంనుంచి వచ్చినవాళ్ళు నెత్తుటి కత్తుల్ని ఇందులో కడిగేవారని ఊళ్ళో చెప్పుకుంటారు. కథ కథే అనుకోండి. కత్తులు కడిగింది ఏ రోజుకారోజు గాని, బిందెలు ముంచింది ప్రతిరోజూ గదా! ఆ మాటను మాత్రం ఎవరూ కథగా చెప్పరు. ఊళ్ళోనే రాయల చెరువు కూడా ఉంది. చుట్టూ రాళ్ళు, ఎండ, కొండ. వాననీటిని పట్టి దాచుకోకపోతే ఇంతమంది ఇక్కడ బతకడం కల్ల.

1652లో టావెర్నియర్ అనే ఫ్రెంచి నగల వ్యాపారి మీర్ జుమ్లాను కలవడానికి ఈ కొండ ఎక్కివచ్చాడు. ముత్యాలు అమ్ముకునే బేరంమీద వచ్చినవాడు. అయినా తన యాత్రాగ్రంథంలో బేరం ఒక్కటే రాయలేదు. కొండ అంచున వచ్చే ఇరుకుదారి ఎంత భయమేసిందో రాశాడు. పైన చదునునేలలో వరీ చిరుధాన్యాలూ పండుతున్నాయనీ, ఊటనీళ్ళు ఉన్నాయనీ రాశాడు. చూశారా, నగలవాడు కూడా గింజనూ నీటినీ చూడకుండా పోలేదు! బంగారం కొనడానికి వచ్చిన మనం చూడకపోతే ఎలా?

మాధవరాయస్వామి గుడి దగ్గర ఎంతసేపైనా సరిపోదు. ఆ గోపురం విజయనగర శిల్పుల పని. గర్భగుడిలో ఇప్పుడు విగ్రహం లేదు. పూజ లేని గుడిలో చూసేదేముందని వెనక్కి తిరగకండి. ఒక్క స్తంభాన్ని ఎంచుకోండి. దాని చుట్టూ నెమ్మదిగా తిరగండి. బొమ్మల్నీ లతల్నీ మీరు కుట్టే ఎంబ్రాయిడరీలా చూడండి. తీగ ఎక్కడ మొదలైంది, ఎక్కడ ముడిపడింది, మూల తిరిగేటప్పుడు శిల్పి దాన్ని ఎలా సర్దాడు? చీరె అంచు నేసే సాలెవారికీ, ముగ్గు వేసే మనకీ ఉన్న చిక్కే ఆ శిల్పికీ ఉంది. రాతిమీద తప్పు పడితే చెరిపి మళ్ళీ వేసే వీలు లేదు, అంతే తేడా. రంగనాథస్వామి గుడిని కూడా చూసుకుని, లోయను ఆఖరున చూడండి. గాదె, కోనేరు, గుడి, మసీదు చూసి వచ్చినవాళ్ళకు ఆ లోయ వట్టి దృశ్యంగా కనిపించదు, ఇంటి పెరటిగోడలా కనిపిస్తుంది.

లోయలో పెన్నను చూసినప్పుడు ఇంకో మాట తలుచుకోండి. ఈ సీమకు నీళ్ళకోసం పెన్నమీద గండికోట జలాశయం కట్టారు. నీళ్ళు నిలపడానికి ఊళ్ళు ఖాళీ చెయ్యవలసివచ్చింది. 2020లో తాళ్ళప్రొద్దుటూరువాళ్ళు ఇళ్ళు విడిచి వెళ్ళారు. నీళ్ళు కావలసిందే, కాదనలేం. కాని ఒక ఊరు మునిగితే పోయేది గోడలే కాదు. రోజూ ముగ్గేసిన వాకిలి, పక్కింటావిడతో మాట్లాడే అరుగు, పిల్లలకు ఉయ్యాల కట్టిన దూలం పోతాయి. కోట పాడుపడితే పురావస్తు శాఖవారు బోర్డు పెడతారు, పుస్తకం రాస్తారు. మామూలు వీధికి ఆ భాగ్యం లేదు. దాన్ని గుర్తుపెట్టుకోవలసింది అందులో నడిచినవాళ్ళే. నడవమని ఇంతగా చెప్పడంలో నా ఉద్దేశం అదే.

"నడిస్తే ఏం తెలుస్తుందండీ, కాళ్ళనొప్పులు తప్ప" అనేవాళ్ళకు ఒక్క సంగతి. తిరుగు ప్రయాణంలో ఎలాగూ ప్రొద్దుటూరులో దిగుతారు గదా. అక్కడ అగస్త్యేశ్వరస్వామి గుడి ఉంది. పుట్టపర్తి నారాయణాచార్యులుగారు ప్రొద్దుటూరులో ఉన్న రోజుల్లో ఆ గుడిలో దీక్షగా ప్రదక్షిణలు చేసేవారనీ, అలా తిరుగుతున్నప్పుడే 'శివతాండవం' కావ్యం రూపుదిద్దుకున్నదనీ చెబుతారు. ఆయన సతీమణి కనకమ్మగారు కూడా కవయిత్రే. ప్రదక్షిణ మనకు కొత్తా? మొదటి చుట్టులో కనపడని దీపం మూడో చుట్టులో కనపడుతుంది. కాలు నెమ్మదిస్తే కన్ను తెరుచుకుంటుంది. ఒక వీధినైనా అలాగే చూడాలి.

ఇక ప్రయాణపు జాగ్రత్తలు. వేసవిలో వెళ్ళకండి, కడప ఎండలు మీకు తెలియనివి కావు. కార్తీకంనుంచి సంక్రాంతిదాకా హాయి. తెల్లవారగానే కోటలో ఉండేలా బయల్దేరండి. ముందురోజు వెళ్ళదలిస్తే అక్కడ పర్యాటక శాఖవారి హోటలుంది. పెళ్ళికి కొన్న కొత్త చెప్పులు వేసుకోకండి, రాళ్ళమీద జారతాయి. నూలుచీరె కట్టి కొంగు నడుముకు దోపుకోండి. మనిషికి రెండు సీసాల నీళ్ళు పెట్టుకోండి. జొన్నరొట్టెలు, వేరుసెనగ పొడి అయితే చెడవు. పెరుగన్నం మధ్యాహ్నానికి పులుస్తుంది. లోయ అంచున పిల్లల చెయ్యి వదలొద్దు, ఫోటోకోసం అంచుమీద వెనక్కి నడవొద్దు. తిన్న పొట్లాల కాగితాలు, సంచులు తిరిగి మీ సంచిలోనే వేసుకుని రండి. గోడలమీద మేకుతో పేర్లు గీసినవాళ్ళున్నారు. ఎవరైనా మన వంటింటి గోడమీద గీస్తే ఎంత కడుపు మండుతుందో పిల్లలకు చెప్పండి.

గాదె కట్టించిన దొర పేరు చరిత్రలో వెతికితే దొరకవచ్చు. ఆ గింజల్ని దంచిన చేతుల పేర్లు, కోనేటి మెట్లమీద బిందె దించిన కాళ్ళ పేర్లు ఏ శాసనంలోనూ దొరకవు. కాని ఆ మెట్లున్నాయి, ఆ గాదె ఉంది. వెళ్ళినప్పుడు మీ అమ్మాయి చెయ్యి పట్టుకుని అక్కడ నిలబెట్టండి. "ఇంతమందికి అన్నం వండిందెవరే?" అని అడగండి. జవాబు ఆ పిల్లే చెబుతుంది.